ఎలుక ఊరికే ఇల్లు మారదు

సికింద్రాబాదు మారేడ్‌పల్లిలో ఇప్పుడు ఏ వీధిలోకి తిరిగినా ఒక పాత ఇల్లు పడగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మీ వీధిలోనూ అంతే అయ్యుంటుంది. పెంకుల కప్పు, ముందు వరండా, పెరట్లో మామిడిచెట్టు ఉన్న ఇల్లు పొద్దున జేసీబీ వచ్చేదాకా నిలబడే ఉంటుంది. సాయంత్రానికి ఇటుకముక్కలు, దుమ్ము మిగులుతాయి. ఇంట్లోవాళ్ళు నెలల ముందే సామాన్లు సర్దుకుని అద్దె ఫ్లాటుకు వెళ్ళిపోయి ఉంటారు. గోడల సందుల్లో, అటక మీద, డ్రైనేజీ గుంత పక్కన కలుగుల్లో కాపురమున్న ఎలుకల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అవి ఆ రాత్రే ప్రహరీ దాటతాయి. వారం తిరక్కుండా పక్కింటి వదిన గోడ మీంచి తొంగిచూసి, "మా వంటింట్లో ఎలుకలు మొదలయ్యాయి, మీకూనా?" అని అడుగుతుంది. ఆవిడకు కొత్తగా కనిపిస్తున్నాయి గానీ, రెండిళ్ళ అవతల అవి తరతరాలుగా ఉన్నవే.

ఈ ఎలుకల వలస గురించే మీతో కాసేపు మాట్లాడాలని ఉంది. కాఫీ గ్లాసు చేతిలో ఉంటే తాగుతూనే వినండి. వినడానికి బాగుండని మాటలు కొన్ని వస్తాయి, వాటిని దాటేసి మాత్రం పోకండి.

2025 మార్చిలో కాలిఫోర్నియానుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, హాలీవుడ్ నటుడు జీన్ హాక్‌మన్ భార్య ఎలుకల వల్ల వచ్చే జబ్బుతో పోయిందట, చూశావా?" అంది. "ఎలుక కరిచిందా?" అన్నాను. "కరవలేదు పిన్నీ. గాలి పీల్చినందుకే వస్తుందట" అంది. ఆ పిల్ల గొంతులో భయం తెలుస్తూనే ఉంది. వాళ్ళ గరాజ్‌లో ఆమధ్య ఎలుకలు తిరిగాయి మరి.

న్యూమెక్సికో రాష్ట్రం శాంటాఫేలో హాక్‌మన్ దంపతుల ఇల్లు. భార్య బెట్సీ అరకావా హంటా వైరస్ జబ్బుతో చనిపోయింది. మతిమరుపు జబ్బు ముదిరిన భర్త ఆ తర్వాత ఓ వారానికి గుండెజబ్బుతో పోయాడు. ఆరోగ్యశాఖవాళ్ళు వెళ్ళి చూస్తే వాళ్ళుండే ఇల్లు శుభ్రంగానే ఉంది. ఆవరణలో విడిగా ఉన్న గరాజ్‌లు, షెడ్లలో మాత్రం ఎలుకల గూళ్ళు, పెంటికలు కనిపించాయి.

హంటా వైరస్ తీరు ఒక్కటి అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువుగా తెలుస్తుంది. అది ఎలుకను చంపదు, దానికి జ్వరం కూడా రానివ్వదు. ఒకసారి ఒంట్లో చేరిందంటే ఆ ఎలుక బతికున్నంతకాలం ఉంటుంది. మూత్రంలో, పెంటికల్లో, చొంగలో బయటికి వస్తూ ఉంటుంది. అవి ఎండి దుమ్ములో కలుస్తాయి. ఎవరో చీపురు పట్టుకుని వచ్చి ఊడుస్తారు, దుమ్ము లేస్తుంది, ముక్కులోకి పోతుంది. అమెరికాలో కనిపించే రకం ఊపిరితిత్తులను నీటితో నింపేస్తుంది. జబ్బుపడ్డ వందమందిలో 35 నుంచి 40 మంది దాకా పోతారు. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. ఆసుపత్రిలో ఊపిరి నిలబెట్టి కాపాడుకోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ వైరస్‌లలో ఒక్కో రకం ఒక్కో జాతి జంతువును అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని వైరస్ ఎక్కడుందో తెలియాలంటే ఆ జంతువు ఎక్కడికి పోయిందో చూస్తే చాలు.

1993 వేసవిలో అమెరికాలో నాలుగు రాష్ట్రాల సరిహద్దులు కలిసేచోట, నావహో తెగవాళ్ళు ఉండే ప్రాంతంలో, ఆరోగ్యంగా తిరుగుతున్న పడుచువాళ్ళు ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోయారు. డాక్టర్లకు అంతుపట్టలేదు. నావహో పెద్దలు మాత్రం తమ తాతల నాటి మాట చెప్పారు: వానలు మెండుగా పడ్డ ఏడు పైన్ చెట్ల గింజలు విరగకాస్తాయి, గింజలు కాస్తే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగిన ఏడు వాటిని ఇంట్లోకి రానివ్వకండి అని. శాస్త్రవేత్తలు వెదికితే అదే నిజమైంది. ఎల్‌నినో వల్ల వానలు దండిగా పడ్డాయి, గింజలు కాశాయి, జింక ఎలుక అని పిలిచే చిన్న ఎలుకలు ఎన్నో రెట్లు పెరిగి ఇళ్ళల్లోకి చేరాయి. ఆ పెద్దల మాటను డాక్టర్లు కొట్టిపారేయకుండా విన్నారు చూడండి, అది నాకు చాలా నచ్చిన విషయం.

మనవాళ్ళ పిల్లలు బే ఏరియానుంచి సెలవులకు యోసెమిటీ పోతారు కదా. 2012లో అక్కడికి వెళ్ళినవాళ్ళకు, ఎక్కువగా కర్రీ విలేజ్ గుడారాల్లో బస చేసినవాళ్ళకు, ఈ జబ్బు వచ్చింది. మొత్తం 10 మంది, అందులో ముగ్గురు చనిపోయారు. చలి ఆపడానికి ఆ గుడారాలకు రెండు పొరల గోడలు పెట్టారు. ఆ పొరల మధ్య మెత్తగా, వెచ్చగా ఉన్న జాగాలో ఎలుకలు గూళ్ళు కట్టుకున్నాయి. మనిషి తన సౌఖ్యానికి కట్టిన గోడే వాటికి ఇల్లయింది. ఆ తర్వాత ఆ గుడారాలు తీసేశారు.

ఇప్పుడు మిమ్మల్ని బొలీవియా తీసుకెళ్తాను. అక్కడిది హంటా కాదు గానీ, ఎలుకలతోనే వచ్చిన ఇంకో వైరస్. నేను చదివినవాటిలో నా మనసులో బాగా నాటుకుపోయిన కథ ఇదే.

శాన్ హోకిన్ అని ఓ చిన్న ఊరు. చుట్టూ గడ్డిమైదానాలు, పశువుల మందలు. 1950ల్లో అక్కడ పెద్ద పెద్ద పశుక్షేత్రాల పద్ధతి చెదిరిపోయింది. మాంసం, జీతం వాటిమీదే ఆధారపడ్డ జనం తిండికోసం చేలు కొట్టి పంట వేసుకోవడం మొదలుపెట్టారు. గడ్డిలో బతికే కాలోమిస్ అనే ఎలుకకు తిండి ఇంటి దగ్గరికే వచ్చింది. అది చేలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి వచ్చేసింది. 1960 ప్రాంతంలో ఊళ్ళో రక్తస్రావపు జ్వరం పుట్టింది. చిగుళ్ళనుంచి రక్తం, వణుకు, ఒళ్ళునొప్పులు, తర్వాత మరణం. ఒక్క చిన్న ఊళ్ళో ఇంటికొకరు చొప్పున పోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అమెరికానుంచి కార్ల్ జాన్సన్ అనే డాక్టరు, ఇంకొందరు అక్కడికి వెళ్ళారు. ఆ జ్వరం జాన్సన్‌కూ వచ్చింది. పనామాలో ఆసుపత్రిలో పడుకుని బతికి, మళ్ళీ ఆ ఊరికే వెళ్ళాడాయన. 1963లో వైరస్‌ను వేరుచేశారు, దానికి అక్కడి ఓ నది పేరు మచుపో అని పెట్టారు. ఎలుకమీద అనుమానం గట్టిపడింది. మరి ఊరినిండా ఎలుకలుంటే పిల్లులేమయ్యాయి? ఊళ్ళో పిల్లులు దాదాపు లేవు. మలేరియా దోమలకోసం కొట్టిన డీడీటీ వల్ల అవి చచ్చిపోయాయని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. 1964లో ఇంటింటా బోనులు పెట్టారు. ఎలుకలను వేలల్లో పట్టారు. వారాల్లో కొత్త కేసులు ఆగిపోయాయి. టీకా లేదు, మందు లేదు. బోనులు, ఓపిక, ఇంటింటికీ తిరిగే మనుషులు. అంతే.

చూశారా, ఆ ఎలుకకు మనుషులమీద కోపం లేదు, పనిగట్టుకుని రాలేదు. పశువుల మేతబీడు పొలమైంది, పిల్లి పోయింది, వంటింట్లో గింజ ఉంది. అది వచ్చింది. ఎక్కడ చదివినా నాకు ఇదే వరస కనిపిస్తోంది. ముందు మనం ఏదో కదిలిస్తాం, తర్వాత ఎలుక కదులుతుంది, దాని వెనక జబ్బు వస్తుంది.

ఇంతకీ ఎలుక తన కాళ్ళమీద ఎంత దూరం పోతుందంటారు? చాలా కొద్ది దూరమే. తిండీ నీళ్ళూ దొరికితే పుట్టిన వీధి దాటదు. న్యూయార్క్‌లో ఫోర్డమ్ విశ్వవిద్యాలయంవాళ్ళు మాన్‌హాటన్ ఎలుకల జన్యువులు పరీక్షించి 2017లో ఓ సంగతి చెప్పారు. ఊరికి ఎగువన ఉండే ఎలుకలు వేరు, దిగువన ఉండేవి వేరు. మధ్యలో ఇళ్ళు తక్కువ, ఆఫీసులు ఎక్కువ ఉండే భాగాన్ని దాటి అటువి ఇటు పెద్దగా రావు. అలాంటి జీవి ప్రపంచమంతా ఎలా పాకింది మరి? ఉత్తర చైనా, మంగోలియా వైపు పుట్టిన గోధుమరంగు ఎలుక ఓడలెక్కింది, పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ చేరింది, అక్కడినుంచి రేవు ఉన్న ప్రతి ఊరికీ పోయింది. దానితోపాటే సియోల్ వైరస్ అనే హంటా కూడా పోయింది. కొరియా రాజధానిలో మొదట గుర్తించినందుకు ఆ పేరు వచ్చింది గానీ, అమెరికా రేవుల్లోని ఎలుకల్లోనూ అది ఉంది. 2017లో అయితే ఇల్లినాయ్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ముచ్చటపడి ఎలుకలు పెంచుకున్నవాళ్ళకే అది సోకింది. పెంపుడు ఎలుకలను ఒకరినుంచి ఒకరు కొనుక్కోవడంతో వైరస్ రాష్ట్రాలు దాటింది.

మన సికింద్రాబాదుకూ ఇది కొత్త కాదు. స్టేషను పక్కనే ఉంది, మోండా మార్కెట్ పక్కనే ఉంది. గూడ్సు బండిలో గోనెసంచి వచ్చిందంటే అందులో ఎలుక రావడానికి వీలుంది. 1896లో హాంకాంగ్ వైపునుంచి ఓడల్లో బొంబాయికి చేరిన ప్లేగు రైలు దారుల వెంట, ధాన్యం బస్తాల వెంట లోపలికి పాకింది. 1911లో హైదరాబాదులో విరుచుకుపడింది. ప్లేగు వైరస్ కాదు, బాక్టీరియా. మనిషికి ఎక్కించేది ఎలుక మీదుండే చిన్న పురుగు, ఇంగ్లీషులో ఫ్లీ అంటున్నది. కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో ఈ సంగతి పట్టుకున్నాడు, చాలా ఏళ్ళు ఎవరూ నమ్మలేదు. అయినా ప్లేగు కథ ఇక్కడ ఎందుకంటే, దారి అదే కనుక. సరుకు, బండి, ఎలుక, ఇల్లు.

1908లో మూసీ వరద, మూడేళ్ళకు ప్లేగు. ఈ రెండు దెబ్బలు తిన్నాకే ఇరుకు బస్తీలు తీసి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టాలని హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నల్లకుంటలో మనం ఫీవర్ ఆసుపత్రి అంటున్నదీ, పాతవాళ్ళు కోరంటి దవాఖాన అనేదీ 1915లో క్వారంటైన్ ఆసుపత్రిగా మొదలైందే. విశాలమైన రోడ్లు, ఇంటిచుట్టూ ఖాళీ జాగా ఉన్న పేటల వెనక ఆ కాలపు భయం ఉంది. ఇప్పుడు ఆ ఖాళీ జాగాలే ముందు పోతున్నాయి.

ప్లేగు నాటి మనుషులకు ఒక గుర్తు తెలుసు. దూలం మీంచి ఎలుక చచ్చి పడిందంటే ఇంక ఆ ఇంట్లో ఉండేవారు కాదు. గిన్నెలు, బట్టలు తీసుకుని ఊరి బయట పొలాల్లో పాకలు వేసుకునేవారు. ఎలుక చస్తే దానిమీది ఫ్లీలు మనుషుల కోసం చూస్తాయి కనుక, వాళ్ళ భయం సరైనదే. చచ్చిన ఎలుకే వాళ్ళకు హెచ్చరిక. హంటాలాంటి వైరస్‌లలో ఆ హెచ్చరిక రాదు. ఎలుక నిక్షేపంలా తిరుగుతుంది. అందుకే ఇప్పుడు మనం కనిపెట్టాల్సింది బతికుండి చోటు మారుతున్న ఎలుకను. మీ ఇంట్లో ఉన్నట్టుండి ఎలుకలు పెరిగాయంటే బోను కొనుక్కురావడం సరే, దాంతోపాటు ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇవి ఎక్కడినుంచి వచ్చాయి, అక్కడ ఏం జరిగింది?

మన దక్షిణాదిలో ఈ వైరస్‌లు ఉన్నాయా అంటే, ఉన్నాయి. అసలు ప్రపంచంలో మొట్టమొదట వేరుచేసిన హంటా వైరస్ మనకు దగ్గరలోనే, వేలూరులో దొరికింది. 1964లో జపనీస్ మెదడువాపు గురించి పరిశోధన చేస్తూ అక్కడివాళ్ళు ఓ చుంచును పట్టారు. మీకు తెలుసు ఆ జంతువు, పొడుగు మూతితో గోడవారనే కీచుమంటూ పరుగెత్తి, పోయినచోటల్లా కంపు వదిలిపోతుంది. చూడటానికి ఎలుకే గానీ జాతి వేరు. దానిలో దొరికిన వైరస్‌కు ఆ పేట పేరు తొట్టపాళయం అని పెట్టారు. అది హంటా కుటుంబానిదని చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. కొరియాలో లీ హో వాంగ్ 1976లో పొలాల్లో తిరిగే చారల ఎలుక ఊపిరితిత్తుల్లో హంటాన్ వైరస్ కనిపెట్టాకే ఈ కుటుంబానికి పేరు వచ్చింది. కొరియా యుద్ధంలో 3000 మందికి పైగా సైనికులను పడేసిన జ్వరం అది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్ళు కూడా జ్వరంతో వచ్చిన రోగుల రక్తం పరీక్షించి, హంటా సోకిన గుర్తులు కొందరిలో ఉన్నాయని చెప్పారు. చుంచులో దొరికిన రకం మనుషులకు జబ్బు చేస్తుందని రుజువు లేదు. మనదగ్గర హంటా జ్వరంతో జనం పడిపోతున్నారని కూడా నేను అనడం లేదు. ఎలుకవల్ల మనకు ఇప్పుడు ఎక్కువగా వచ్చేది లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకజ్వరం. అదీ బాక్టీరియానే. వానాకాలంలో డ్రైనేజీ పొంగి వీధిలో నిలిచిన నీళ్ళలో కాలు పెడితే, కాలికి పుండు ఉంటే చాలు. ఎడతెగని జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు "మా ఇంటిచుట్టూ ఎలుకలున్నాయి" అని మీరే ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆలోచన మారుతుంది.

పల్లెలో పుట్టినవాళ్ళకు ఎలుకల వలస కొత్త కాదు. వరి కోతలయ్యాక చేలోని ఎలుకలు గట్లమీదికి, గట్లనుంచి గడ్డివాములకు, అక్కడినుంచి ఇళ్ళకు వస్తాయి. కృష్ణా, గుంటూరు, నెల్లూరు వైపు యానాదులు కలుగులు తవ్వి ఎలుకలను పడతారు. ఏ కలుగులో ఎలుక ఉందో, ఏది వదిలేసిన కలుగో మట్టి చూసి చెప్పేస్తారు. ఎలుక లోపల దాచుకున్న వరికంకులు తీసుకుని తిండికి వాడుకుంటారు. రైతుకు పంట దక్కేది వాళ్ళ చేతిమీదుగా. ఒట్టి చేతులతో, మూతికి గుడ్డ కూడా లేకుండా, కలుగులోకి మొహం పెట్టి పనిచేసే ఆ మనుషులకు జ్వరం వస్తే ఏ జ్వరమో పరీక్ష చేయించేవాళ్ళు ఎంతమంది? ఈ మాట తలుచుకుంటే నాకు మనసు కుదుటపడదు. ఎలుకజ్వరాల గురించి ఎవరైనా ఏ సర్వే పెట్టినా వాళ్ళనుంచే మొదలుపెట్టాలి.

మన ఇళ్ళలో అలా ప్రమాదంలో పడేది ఎవరో తెలుసా? అటక దులిపే మనిషి. దసరాకో సంక్రాంతికో అటక మీదివన్నీ దించుతాం. పాత ఇత్తడి బిందెలు, అట్టపెట్టెలు, పిల్లల పుస్తకాలు. అట్టపెట్టె మూత తీస్తే కాగితాలన్నీ సన్నగా కొరికి గూడు చేసి ఉంటుంది, చుట్టూ నల్లగా, రెండువైపులా మొనదేలిన పెంటికలు. పనిచేసే అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పొడి చీపురుతో ఒక్క ఊపు ఊపుతుంది. వెలుతురు పడేచోట దుమ్ము తెర లేవడం కనిపిస్తుంది. ఆ ఊపే వద్దు. ముందు కిటికీలు తెరిచి అరగంట బయటికి రండి. చేతికి గ్లవ్స్, ముక్కుకు కోవిడ్ నాటి మంచి మాస్కు ఉంటే బయటికి తీయండి. ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి, పెంటికలు, గూడు అన్నీ తడిసేలా పోయండి. అయిదు నిమిషాలు నానాక పాతగుడ్డతోనో కాగితాలతోనో తీసి, కవరులో కట్టి పారేయండి. చీపురూ వద్దు, వాక్యూమ్ క్లీనరూ వద్దు. పనిచేసే అక్కకు కూడా మాస్కు ఇచ్చాకే అటక ఎక్కించండి, ఆమె ప్రాణం మన ప్రాణంకంటే తక్కువది కాదు. పెన్సిలు పట్టేంత కంత ఉన్నా చిట్టెలుక దూరుతుంది. సింకు కింద గొట్టం గోడలోకి పోయేచోట గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. అది కొరకలేదు.

ఇదంతా ఎవరింట్లో వాళ్ళం చేసుకునేది. పడగొట్టే ఇంటి సంగతి ఒక్క ఇంటివాళ్ళతో అయ్యేది కాదు. బోస్టన్‌లో 1990ల్లో ఊరి నడిమధ్య రోడ్డును భూమిలోకి దించడానికి పెద్ద తవ్వకం మొదలుపెట్టారు, బిగ్ డిగ్ అన్నారు దాన్ని. తవ్వితే మురుగుకాల్వల్లోని ఎలుకలన్నీ ఇళ్ళమీద పడతాయని ముందే ఊహించి, బ్రూస్ కాల్విన్ అనే జీవశాస్త్రవేత్తను పెట్టుకుని, తవ్వకానికి ముందునుంచే ఎలుకలను లెక్కగట్టి, ఎర పెట్టి, చెత్తకుండీలు బాగుచేయించారు. గడ్డపార భూమిలో దిగకముందే ఎలుకల పని చూసుకున్నారు.

మన దగ్గర కొంత భాగం కంటోన్మెంటు బోర్డు కింద, కొంత భాగం కార్పొరేషను కింద ఉంది. ఎవరి కిందైనా సరే, పాత ఇల్లు పడగొట్టేందుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్క షరతు కలిపితే చాలు: జేసీబీ రావడానికి రెండు మూడు వారాల ముందు ఆ ఇంట్లో, పెరట్లో, డ్రైనేజీలో ఎలుకలను పట్టించాలి, చెత్తా పాత ధాన్యపు డబ్బాలూ ముందే తీసేయాలి, మురుగు గొట్టాల నోళ్ళు మూసేయాలి. కట్టేవాళ్ళకు అయ్యే ఖర్చు ఒక్క లిఫ్టు గది టైల్సుకు అయ్యే దానికంటే ఎక్కువ ఉండదనే నా నమ్మకం. మా వీధిలో ఇంకో రెండు పాత ఇళ్ళు పడగొట్టే మాట నడుస్తోంది. ఆ బిల్డర్లను ఈసారి కాలనీ సంఘం సమావేశానికి పిలవాలని పక్కింటి వదినా నేనూ అనుకున్నాం. మీ వీధిలో కూడా అలాంటి ఇల్లు ఉంటే, నీళ్ళ కనెక్షను ఎప్పుడు తీస్తారు, కరెంటు ఎప్పుడు కోస్తారు అని అడిగినట్టే ఎలుకలను ఎప్పుడు పట్టిస్తారని కూడా అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.